శనివారం పాట కింద

సుమ కుడిచేతిని కొంగులో చుట్టుకొని బళేపేటలోని మునినారాయణప్ప అంగడి మెట్టెక్కింది. కొంగు మీద నెత్తురు ఎండి నల్లబడింది.

"చెయ్యికి యేమైందమ్మా?" అన్నాడు మునినారాయణప్ప. ఇద్దరిదీ ఒకే వాకిలి చుట్టూ ఇండ్లుండే వఠారం, ఎదురెదురు ఇండ్లు.

"తలుపు సందున పడిందన్నా."

తలుపు సందున పడితే వేళ్లు నలుగుతాయి. కొంగు బయటికి కనబడుతున్న ఈమె మూడు వేళ్లు వెనక్కి వంగి ఉన్నాయి. అయినా ఆయన మళ్లీ అడగలేదు. పాత రేడియోలు, మైకుసెట్లు బాగుచేసుకునేవాడికి ఎదురింటి సంగతులెందుకనుకున్నాడు.

ఆమె వచ్చింది వాల్వు కోసం, మైకుసెట్టులో సౌండు పెంచే గాజుబుడ్డి. ఆమె భర్త అమరనాథ్ చిక్కపేటలో చీరల అంగడి గుమాస్తా. హొసకోట దిక్కున ఒక టెంటు సినిమా మూతపడినప్పుడు, అక్కడి వాల్వు ఆంప్లిఫయర్ కొని తెచ్చుకున్నాడు. అది తొంభై ఆరో సంవత్సరం. అందరూ చిన్న టేపురికార్డర్లతో సరిపెట్టుకుంటుంటే, ఇతని ఇంట్లో ప్రతి శనివారం దీపాలవేళ స్వామి పాటలు వఠారమంతా అదిరేలా మోగేవి. ఆడవాళ్లు చేతిలో పని ఆపి దండం పెట్టుకునేవాళ్లు. వఠారం ఓనరు సొన్నప్ప సుమకు స్వయానా పెదనాయన. బాడుగకున్న మగవాళ్లతో ఆయన, "మా అల్లుణ్ణి చూసి నేర్చుకోండప్పా భక్తి అంటే యేందో" అనేవాడు.

పోయిన శనివారం పాట ముగిసేవేళకు ఆ సౌండు తగ్గింది. ఆ పొద్దున అమరనాథ్ అంగడికి పోతూ చెప్పిపోయినాడు. "డ్రైవర్ వాల్వు సచ్చిపోయినట్లుండాది మునిన్నా. గట్టిగా కొట్టేది ఒకటి ఇయ్యి. గోడలు అదరల్ల. మా ఆడది వస్తాది."

మునినారాయణప్ప రెండు చిన్న గాజు వాల్వులు బల్లమీద పెట్టి, ఒకటి ఆమె వైపు జరిపినాడు.

"డ్రైవర్ అంటే ఇంత చిన్నదా అన్నా?"

"పెద్ద వాల్వులు ఎద్దుల మాదిరమ్మా. బలం వాటిదే, తోలేవాడు ఈ చిన్నోడు. వీడు అదిలించకపోతే అవి కదలవు."

"రెండూ ఒకే మాదిరి ఉండాయే."

"కాళ్లు ఒకటే. ఆ గుంతలో యేదైనా కూర్చుంటాది. ఇది ఎయిటీ త్రీ, బాగా అరుస్తాది. అది ఎయిటీ టూ. దీంట్లో ఐదో వంతు కూడా లేపదు. మెత్తగా పాడుకుంటాది, అంతే. మీ ఆయనకు కావల్సింది ఈ ఎయిటీ త్రీనే."

"నాకు అది ఇయ్యన్నా."

ఆయన నవ్వినాడు. "అది పెడితే ఈ గదిలోది ఆ గదిలోకి ఇనపడదు తల్లీ."

"పాట ఇనపడకూడదు. నేను ఇనపడల్ల."

ఆయన నవ్వు ఆగిపోయింది. సుమ కొంగు విప్పి చెయ్యి బల్లమీద పెట్టింది. వేళ్ల కణుపులు నీలంగా ఉబ్బి, రెండు గోళ్లు ఊడిపోయి ఉన్నాయి.

"తలుపేసి, పాట పెట్టి, సౌండు పెంచినాకనే చెయ్యెత్తుతాడు. పోయిన శనివారం ఇస్త్రీపెట్టె దించినాడు దీనిమీద. నేను అరిస్తిని. మీ ఇంట్లో కెంపమ్మ వదిన గోవిందా అనింది. ఆమె గోవిందా నాకు ఇనపడె. నా అరుపు ఆమెకు ఇనపడలే."

మునినారాయణప్ప వాల్వులు పక్కకు జరిపి, "సొన్నప్పన్నకు చెప్పకపోతివా?" అన్నాడు.

"చెప్పినా. స్వామి పాట పెట్టే చెయ్యి ఆడదాని మీద లేస్తాదా, పోమ్మా అన్నాడు. ఈ శనివారం నా తల గోడకేసి కొడతానంటుండాడు మా ఆయన."

"మా ఇంటికి వచ్చెయ్యి."

"వస్తే పెదనాయనే వచ్చి మళ్లా అప్పజెప్తాడు. నా అరుపు ఆయన చెవిన పడల్లన్నా. ఒక్కసారి పడితే చాలు."

అంగడిలో వేంకటేశ్వరుని పటం ముందు ఊదుబత్తి ఇంకా కాలుతూ ఉంది. అడిగిన సరుకు కాకుండా వేరేది ఇవ్వడం పాపమని ఆయన నమ్మకం. ఇన్నేండ్లలో ఎవరికీ అట్లా ఇవ్వలేదు. కానీ శనివారం శనివారం ఆ ఇంటినుంచి స్వామికి చేరింది పాటా, దాని కింద పడిన ఏడుపా? తాను పెట్టిన దండాలు ఎవరికి చేరినాయి? ఆయనకు తెలియలేదు. పటం వైపు చూడకుండా ఎయిటీ టూ తీసి ఆమెకిచ్చినాడు.

సుమ బొటనవేలు తడిచేసుకొని గాజు మీది తెల్లని అంకె రుద్దింది. అంకె పోయింది. ఆయన ఆ వాల్వును కాగితంలో చుట్టి ఇచ్చినాడు.

శనివారం దీపాలవేళకు, భర్త మునినారాయణప్ప చెప్పినట్లే కెంపమ్మ పులిహోర చేసి, ప్రసాదమని సొన్నప్పను పిలిపించి తమ ఇంటిముందు జగిలి అరుగుమీద కూర్చోబెట్టింది. కొత్త వాల్వు బిగించుకొని అమరనాథ్ ఎదురింటి తలుపు మూసినాడు. పాట మొదలయింది, బావి అడుగునుంచి వచ్చినట్లు సన్నగా.

"యేమప్పా మునీ, స్వామికి గొంతు పట్టుకుందా యేమి?" అని నవ్వినాడు సొన్నప్ప.

ఎవరూ నవ్వలేదు. లోపల ఏదో దబ్బుమనింది. వెంటనే ఆడమనిషి కేక. సొన్నప్ప ముద్ద నోటిదాకా పోయి ఆగింది.

"యేందది?"

"స్వామి పాటే గదా మామా" అనింది కెంపమ్మ. "ప్రతి శనివారం ఉండేదే. దండం పెట్టుకో."

మళ్లీ దబ్బుమనింది. ఈసారి ఇత్తడి పాత్రలు దొర్లినాయి. "పెదనాయనా" అన్న అరుపు గోడకు తగిలి సగంలో తెగిపోయింది. ఆపైన గోడ చప్పుడు ఒకటే, ఆగకుండా.

మునినారాయణప్ప పెరట్లో రోటినుంచి రుబ్బుగుండు ఎత్తుకొచ్చి గడియ ఉన్నచోట కొట్టినాడు. రెండో దెబ్బకు తలుపు చీలిపోయింది.

అమరనాథ్ సుమ జుట్టును పిడికిలికి చుట్టుకొని నిలబడి ఉన్నాడు. గోడ సున్నం మీద నెత్తురు గుండ్రంగా అంటుకొని కిందికి కారుతోంది. ఎడమచేత్తో ఇంకా సౌండు గుబ్బనే తిప్పుతున్నాడు. అది కొసదాకా తిరిగిపోయి ఉంది.

"సౌండు యేమైంది మునిన్నా?" అన్నాడు, రిపేరు సంగతి అడిగినట్లే.

జవాబు వినకముందే ఇస్త్రీపెట్టె అందుకొని విసిరినాడు. అది మునినారాయణప్ప మూతికి తగిలి పండ్లు రాలినాయి. ఆయన నెత్తురు మింగుతూ అమరనాథ్ నడుము పట్టి గోడకు తోసినాడు. అమరనాథ్ తూలిపడుతూ ఆంప్లిఫయర్ పట్టుకోబోయి, కాలుతున్న పెద్ద వాల్వును గట్టిగా పట్టుకున్నాడు. చర్మం గాజుకు అంటుకుంది. గదిలో కాలిన మాంసం వాసన లేచింది. చెయ్యి లాక్కుంటే అరచేతి తోలు వాల్వు మీదనే ఉండిపోయింది.

అప్పటికి వఠారం మగవాళ్లంతా లోపల ఉన్నారు. చెప్పులతో, కట్టెలతో, చేతికందిన చెంబులతో కొట్టినారు. ముక్కు విరిగింది. చెవి చీలింది. అతను తిరగబడటం మాని ముడుచుకున్నాక కూడా కొట్టినారు. పోయిన శనివారం దండం పెట్టిన చేతులే అవి. మునినారాయణప్ప కూడా పక్కటెముకల్లో తన్నినాడు. ఆ తన్నులో ఎంత సుమ కోసమో, ఎంత తన పండ్ల కోసమో ఆయనకే తెలియదు.

"చాలు, నిలపండి" అనింది సుమ గోడకు ఆనుకొని. "సచ్చిపోతే వీడు మంచోడైపోతాడు."

అందరూ ఆగినారు.

సొన్నప్ప గడప దాటి రాలేదు. వేళ్లకు పులిహోర మెతుకులు అట్లాగే ఉన్నాయి. "ఇంటి మాట ఇంట్లో పెట్టుకుందాము" అన్నాడు మెల్లగా. "స్టేషనూ గీషనూ యెందుకు. నేను వానికి బుద్ధి చెప్తా."

సుమ గోడ పట్టుకొని లేచింది. కెంపమ్మ తడిగుడ్డతో ముఖం తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. నెత్తురు కారుతున్న ముఖంతోనే గడప దగ్గరికి వచ్చి, పెదనాయన మణికట్టు పట్టుకొని నడిచింది. ఆయన విడిపించుకోలేదు. మునినారాయణప్ప, కెంపమ్మ వెనకాల నడిచినారు. బజారులో జనం పక్కకు జరిగి దారి ఇచ్చినారు.

స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ ఆమె వాలకం చూసి కుర్చీ జరిపినాడు. ఏమైందని ఆ ఊరి భాష కన్నడంలో అడిగినాడు. సుమ సొన్నప్ప వైపు తిరిగింది.

"నేను చెప్తే నమ్మకపోతివి. ఈ పొద్దు నీ చెవులతోనే ఇంటివి. నువ్వే చెప్పు."

సొన్నప్ప నేల చూసినాడు. తలుపు మూసి ఉండిందని, లోపల అరుపు విన్నానని చెప్పినాడు. ఈ పొద్దే మొదలా అని అడిగినాడు కానిస్టేబుల్. సొన్నప్ప సుమను చూసినాడు. ఆమె కన్ను ఒకటి పూర్తిగా మూసుకుపోయింది. రెండోది ఆయన ముఖం మీదే ఉంది.

"కాదు సార్" అన్నాడు సొన్నప్ప. "చానా దినాలనుంచి ఉండాది. మా బిడ్డ నాకు ముందే చెప్పింది. నేనే ఇనలేదు."