సాగనంపే కాఫీ

యుద్ధం ఆపే ఒప్పందం మీద సంతకాలు గీకిన పెద్దమనుషులారా, మీరే చెప్పండి. కాలిన ఇంటికి పైకప్పు వేయించారు, తాళంచెవి చేతిలో పెట్టారు. ఆ ఇంట్లోంచి చేతులు కట్టి ఈడ్చుకుపోయిన బిడ్డ సంగతేమిటి? తప్పిపోయినవాళ్ళ ఆచూకీ చెప్పి తీరాలని రాశారు, సరే. చెప్పే పని ఎవరికి అప్పజెప్పారు? వాళ్ళను మాయం చేసినవాళ్ళకే.

బోస్నియాలో ద్రీనా నది పైన కొండపల్లె. ఆ ఉదయం హస్నీయా ఇంటికి మిలాదిన్ వచ్చాడు. ఊరి కచేరీలో, తిరిగొచ్చిన ముస్లింల వ్యవహారాలు చూసేది ఇతనే. ఆమె కొడుకు నెజాద్‌తో ఒకే బెంచీ మీద చదివాడు. యుద్ధం మొదలైన వేసవిలో నెజాద్‌ను తీసుకుపోయిన సెర్బుల జట్టులోనూ ఉన్నాడు. వెంట ఒప్పందం అమలు చూసే ఆస్ట్రియా అధికారి, మెడలో కెమెరా. సెర్బులూ ముస్లింలూ కలిసిపోయారని ఫొటో కావాలి కదా, అందుకని పక్కింటి సెర్బు ఆవిడ విదోసావాను కూడా పిలిచి కూర్చోబెట్టారు.

"ఒంట్లో ఎట్లా ఉంది పిన్నీ?" అన్నాడు మిలాదిన్.

"చావలేదు. నీకేమన్నా ఇబ్బందిగా ఉందా?"

హస్నీయాకు కావలసింది ఒక్కటే. కొడుకు ఎముకలు. తెచ్చి, పేరు చెక్కిన తెల్లరాయి కింద పెట్టుకోవాలి.

"ఆయన్ని అడుగు. నా నెజాద్ ఎక్కడున్నాడో కనుక్కోమను."

దుబాసీ కూడా మిలాదినే. జర్మన్‌లో ఏదో అన్నాడు. అధికారి గుండె మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు.

"అడిగాను పిన్నీ. తప్పకుండా వెతికిస్తారట."

కొడుకు సంగతి విని నవ్వుతాడా ఎవడైనా? హస్నీయా విదోసావా వైపు చూసింది. ఆమె తల వంచుకుని తలగుడ్డ అంచు నలుపుకుంటోంది.

హస్నీయా వంటింట్లోకి పోయింది. ఆ కొండల్లో కాఫీ మూడుసార్లు పోస్తారు. గడప దాటి రాగానే ఒకసారి, కబుర్లు సాగుతుండగా ఒకసారి. మూడోది, ఎంతకీ లేవని చుట్టానికి. ఇక దయచెయ్యండని దాని అర్థం. నోటితో అనక్కర్లేదు. పొద్దుటి పొడినే మళ్ళీ మరగబెట్టి, నురగ లేని నీళ్ళకాఫీ తెచ్చి, మొదటే ఆ మూడో కాఫీ వాళ్ళ ముందు పెట్టింది.

అధికారి చప్పరించి భేషుగ్గా ఉందన్నట్టు తలూపాడు. మిలాదిన్ మొహం మాడిపోయింది. తాగకపోతే ఎందుకని అడుగుతాడు దొర. తాగాడు.

విదోసావా కప్పు ముట్టలేదు.

"నన్ను కూడా పొమ్మంటున్నావా అక్కా?"

"కాపరానికొచ్చిన నాటి నుంచీ మొదటి కాఫీ నీకే పోశాను విదా. నువ్వు నాకేం చెప్పావు?"

విదోసావా కప్పు పక్కకు నెట్టింది. వయసులో ఉండగా వియన్నా హోటళ్ళలో గదులు తుడిచిన మనిషి ఆమె. అధికారి వైపు తిరిగి ముక్కలు ముక్కలుగా జర్మన్‌లో మాట్లాడింది. అతని నవ్వు ఆగిపోయింది.

"విదా పిన్నీ, ఇంటికి పద," అన్నాడు మిలాదిన్ మెల్లగా. "నీ కొడుకు ఉద్యోగం కచేరీలోనే, మర్చిపోకు."

"పీకేసుకో." ఆమె హస్నీయా వైపు తిరిగింది. "పైకప్పు వేయించినందుకు నువ్వు దండాలు పెడుతున్నావని చెప్పాడక్కా వీడు. నెజాద్ సున్నపుబట్టీ వెనక ఉన్నాడు. మా తమ్ముడి ట్రాక్టరులోనే తీసుకుపోయారు. మట్టి కప్పించింది వీడే."

హస్నీయా కిటికీ దగ్గరికి నడిచింది. తిరిగొచ్చిన నాటి నుంచీ బట్టీ ఇంట్లోంచి కనిపిస్తూనే ఉంది.

అధికారి గొంతు సవరించుకుని ఏదో అన్నాడు.

"పైకి రాస్తాడట," అంది విదోసావా. "అనుమతి రావాలట. మంచు కరిగాక తవ్విస్తారట."

మిలాదిన్ అప్పటికే లేచి తలుపు దగ్గర ఉన్నాడు. హస్నీయా మూలనున్న పార అందుకుని అడ్డం నిలబడింది.

"మంచు కరిగేదాకా వీడు ఆగుతాడా? రేపటికల్లా యంత్రం తెచ్చి ఎముకలు ఇంకో గుంటలోకి తోసేస్తాడు. చెప్పు విదా, ఒక్క మాట తగ్గించకుండా చెప్పు. కాగితాలు తర్వాత. ఇప్పుడే బండి తీసుకెళ్ళి బట్టీ ముందు పెట్టమను, శాంతిసేన సైనికుల్ని పిలిచి కాపలా పెట్టమను. వీణ్ణి ఆ కుర్చీలోంచి దించమను. నా బిడ్డను తవ్వి నాకివ్వమను. ఆ తర్వాత ఫొటో తీసుకోమను."