ఊపిరి అందినంతసేపు

వరలక్ష్మమ్మ కుచ్చిళ్లు వెనక్కి తీసి, నడుము దగ్గర పిన్నీసు పెట్టి లేచేటప్పుడు రూతు గోడ పట్టుకుంది. ఎవరికీ అనుమానం రాకుండా, గోడమీద పెచ్చులూడిన సున్నం గోకుతున్నట్టు పట్టుకుంది. లోపల గుండె ఒకసారి తడబడి, గబగబా కొట్టుకుని, మళ్లీ దారిలో పడింది. పోలేదు. ఇంకా పోలేదు. రోజుకు ఎన్నిసార్లు ఈ మాట అనుకుంటుందో ఆమెకే తెలియదు.

అది నంద్యాలలో మహిళా సంఘం హాలు. మగవాళ్లు అంగళ్లు తెరిచి కూర్చున్నాక, పిల్లలు బడికి పోయాక, బజారు వీధుల ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరతారు. చక్కెర జబ్బుకని కొందరు, కాన్పు తర్వాత తగ్గని పొట్టకని కొందరు. గాజులు తీయకూడదు కనుక ముంజేతి పైకి ఎగదోసి గుడ్డపేలికతో కట్టుకుంటారు. తాళిబొట్టు ఎగిరి మొహానికి తగలకుండా వీపు మీదికి వేసి, రవికెకు పిన్నీసు పెట్టించుకుంటారు. ఈ తతంగమంతా రూతే చేస్తుంది. తర్వాత టేపురికార్డరు మీట నొక్కుతుంది. అందులో పాటలుండవు, డప్పులూ బాకాలూ మాత్రమే. సంఘం సెక్రెటరీ సీతాలక్ష్మమ్మ కిందటేడు బెంగుళూరు నుంచి తెచ్చిన క్యాసెట్టు అది. ఒళ్లు తగ్గించే ఈ ఆట కూడా ఆమె అక్కడ నేర్చుకొచ్చిందే.

మొదటి మెట్టంటే నిలుచున్నచోటే నడక, చేతులు ఊపడం. అది ఒంటికి అలవాటైన వాళ్లకు రెండో మెట్టు. ఎగరాలి, గిర్రున తిరగాలి, మోకాలు పొట్టకు తగిలేలా ఎత్తాలి, మధ్యలో ఆగకూడదు. మొదటిది సీతాలక్ష్మమ్మే చెబుతుంది. రెండోది రూతుకు అప్పజెప్పింది. మిషను హాస్టల్లో పెరిగి తొమ్మిదో తరగతిలో చదువాగిపోయిన మనిషే అయినా, డ్రిల్లులో ఎప్పుడూ ముందు వరుసలో నిలబడేదని ఎవరో చెబితే పిలిపించి పనిలో పెట్టుకుంది.

ఆటకు ఒకటే కట్టుబాటు. కాళ్లాడినంతసేపూ నోరాడాలి. మాట తెగిందంటే ఊపిరి చాలడం లేదని గుర్తు, వెంటనే నిదానించాలి. ఈ కట్టుబాటు ఆడవాళ్లకు ఆటకంటే బాగా నచ్చింది. హాలంతా సంతలా ఉంటుంది.

"మా అత్త అడిగె, రోజూ యాడికి పోతాండావే అని," ఎగురుతూనే అందుకుంది వరలక్ష్మమ్మ. "గుడికంటి. గుడికి పోతే ఇంత చెమటేందనె. ప్రదక్షిణాలు ఎక్కువైనాయి లే అంటి."

"అన్ని ప్రదక్షిణాలు చేసినా నడుము తగ్గలేదేమే అనలేదా?" అంది వెనక నుంచి నూనె మిల్లువాళ్ల కోడలు.

"అనె. దేవుడు నిదానంగా ఇస్తాడంటి."

అందరూ నవ్వారు. రూతు కూడా నవ్వింది, చప్పుడు లేకుండా. సన్నగా, పొడుగ్గా ఉంటుందామె. చామనఛాయ చెంపల మీద ఎండకు కందినట్టు ఎరుపు. చూసినవాళ్లు అది ఆరోగ్యమనుకుంటారు. పెదవుల నీలం తెలియకుండా పొద్దస్తమానం ఆకూ వక్కా నములుతుంది. ఉబ్బిన చీలమండలు కనపడకుండా మేజోళ్లు తొడిగి కాన్వాసు బూట్లు బిగిస్తుంది. ఎగరాల్సిన ఘట్టం రాగానే వరలక్ష్మమ్మను ముందు నిలబెట్టి, తాను వరుసల్లోకి పోయి, చప్పట్లు చరుస్తూ ఒకరి మోచెయ్యి, ఒకరి భుజం సర్దుతుంది. అందరూ మాట్లాడుతుంటారు కనుక ఆమె మాట్లాడటం లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

కూతురు సువార్త పుట్టినప్పుడు పెద్దాసుపత్రి డాక్టరమ్మ బయటపెట్టింది. గుండెలో ఒక తలుపు సరిగా తెరుచుకోవడం లేదట. చిన్నప్పుడు కీళ్లు వాచి వచ్చిన జ్వరం చేసిన పనట. పరుగులు వద్దు, బరువులు వద్దు, వేలూరు పోయి కోయించుకో అంది. ఎవరు తీసుకుపోతారు? మొగుడు ఏలీయా లారీ క్లీనరుగా బళ్లారి వైపు పోయి, అక్కడే ఎవరితోనో ఉండిపోయాడు. ఇంట్లో చూపు ఆనని అత్త, ఆరేళ్ల సువార్త. ఆట మానేస్తే పొయ్యి వెలగదు. ఆడితే ఏ క్షణాన ఏమవుతుందో తెలియదు.

చావు గురించి కాదు ఆమె భయం. అమ్మ పోయిన వారంలోనే మేనమామ తనను హాస్టలు గేటు దగ్గర వదిలి, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. గంట కొడితే లేవాలి. గంట కొడితే కంచం పట్టుకుని వరుసలో నిలబడాలి. ఎవరి పక్కన పడుకున్నా అది అమ్మ పక్క కాదు. ఇప్పుడు అన్నం కలుపుతున్నా, జడ వేస్తున్నా, ఆ గేటు దగ్గర సువార్త నిలబడి ఉన్నట్టే కనపడుతుంది రూతుకు.

మంగళవారాలు మధ్యాహ్నం ఆళ్లగడ్డలో తరగతి. బస్సు దిగి నడుస్తుంటే రోడ్డు వార షెడ్లలో విగ్రహాలు చెక్కే ఉలుల చప్పుడు. ఉలి దెబ్బ తప్పకుండా పడుతోంది. తన లోపలిదే తప్పుతోంది. వినకూడదనుకుని అడుగు వేగం పెంచింది, పెంచినందుకు చింతకాయల బండి దగ్గర నిలబడాల్సి వచ్చింది.

ఎరువుల అంగడి ఆదిశేషయ్య మిద్దె మీద ఆట. మెట్ల మధ్యలో బూటు తాడు కట్టుకోవడానికి ఆగింది. ప్రతి మంగళవారం ఆ తాడు ఆ మెట్టు మీదే ఊడుతుంది.

ఆ రోజు కోయిలకుంట్లలో పెళ్లికని అందరూ పోయారు. వచ్చింది ఆదిశేషయ్య భార్య రాజేశ్వరమ్మ, పక్కింటి పుండరీకవల్లి, ఇద్దరే. దాక్కోవడానికి వరుసలు లేవు. రూతు వాళ్ల ముందే నిలబడి మొదలుపెట్టింది. కాసేపటికి కరెంటు పోయింది. టేపు ముక్కుతూ మూలిగి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే పుండరీకవల్లి కూడా మాట ఆపి కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ నిశ్శబ్దంలో, తడికట్టెను రంపంతో కోస్తున్నట్టు రూతు ఊపిరి వినపడింది.

రాజేశ్వరమ్మ ఆట ఆపేసింది.

"ఏం రూతమ్మా, మా నోళ్లు ఆడిస్తాండావ్. నీ నోరు ఆడంగ నేనెప్పుడూ చూడలేదే."

"ఆకుందమ్మా నోట్లో."

"ఉమ్మేసి రా పో."

రూతు ఉమ్మేసి, నోరు కడుక్కుని వచ్చింది. రాజేశ్వరమ్మ ఆమె పెదవుల వంకే చూసింది.

"నీకు ఒంట్లో బాగలేదు. సీతాలక్ష్మమ్మకు చెప్పి వేరే మనిషిని పంపమంటా. రేపు ఈ మెట్ల మీద నీకేమన్నా అయితే మాకు చెడ్డపేరొస్తాది. నాకు భయం తల్లీ."

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అంది. రూతుకు మాత్రం కళ్లముందు హాస్టలు గేటు తెరుచుకుంది.

"మాట్లాడేది చేతగాక కాదమ్మా. ఏం మాట్లాడల్లో తెలీక. చూడండి," అంది.

చప్పట్లు చరుస్తూ ఆట అందుకుంది. రెండో మెట్టు మొదటి నుంచి, ఒక్క ఎగురు తప్పించకుండా.

"నాకొక కూతురుందమ్మా. సువార్త. ఉడకేసిన గుడ్డు పెడితే తెల్లదే తింటాది. పచ్చది నాకు పెడతాది."

గిర్రున తిరిగింది.

"జడ బిగిస్తే ఏడుస్తాది. వదులుగా వేస్తే బడిలో ఊడిపోతాదని ఏడుస్తాది. కొమ్ములు విసిరే ఎనుములంటే భయం లేదు. బల్లి కనపడితే ఇంట్లోకి రాదు."

మోకాలు పొట్టకు తగిలింది. మళ్లీ తగిలింది.

"అన్నం తిననని మొండికేస్తే చెనిక్కాయలు వలిచి చేతికియ్యల్ల. పండుకునేటప్పుడు నా చెవి పట్టుకుంటాది. చెవి పట్టుకోనిదే నిద్రపోదు."

చివరి చప్పట్లు చరిచి నిలబడింది. మాట తెగలేదు. పుండరీకవల్లి నవ్వి, పిల్లను ఒకసారి తీసుకరాకూడదా అంది. రూతు తల ఊపింది.

రాజేశ్వరమ్మ లోపలికి పోయింది. కిటికీ గూట్లో ఒక గాజు గ్లాసు బోర్లించి ఉంటుంది. అది రూతుది. ఎప్పుడొచ్చినా అందులోనే నీళ్లు పోస్తారు. ఆ రోజు రాజేశ్వరమ్మ ఆ గ్లాసు ముట్టుకోలేదు. వంటింట్లోంచి, ఇంటాయన పేరు చుక్కలతో చెక్కించిన స్టీలు గ్లాసు నిండా మజ్జిగ తెచ్చింది.

"అనగూడని మాటంటిని. తాగు."

రూతు రెండు చేతులతో అందుకుంది. గుటక వేయాలంటే ఒక్క క్షణం ఊపిరి ఆపాలి. ఆపేటంత ఊపిరి లేదు.

"ఉండి తాగుతానమ్మా," అంది. తర్వాత మెల్లగా, "సీతాలక్ష్మమ్మకు చెప్పరు గదా?"

"ఏం చెప్పల్ల? నాకంటే ఎక్కువ మాట్లాడ్తివి."

రోడ్డు మీద నంద్యాల బస్సు హారను కొట్టింది. రూతు గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, టేపురికార్డరు సంచి భుజాన వేసుకుని దిగింది. ఈసారి మెట్ల మధ్యలో ఆగలేదు. పైనుంచి రాజేశ్వరమ్మ చూస్తోంది.

బస్సులో కిటికీ పక్క చోటు దొరికింది. గాలి మొహానికి కొడుతోంది గానీ లోపలికి రావడం లేదు. పని పోలేదు, అనుకుంది రూతు. సువార్తకు ఈ పూట చెనిక్కాయలు కొనాలి. తల కిటికీ కడ్డీకి ఆనించింది. సిరివెళ్లలో ఎక్కిన ఒకామె, చంకలో బిడ్డతో వచ్చి, కొంచెం జరగమ్మా అంది. రూతు జరగలేదు. అలసిపోయి నిద్రపోతోందనుకుని, ఆమె మిగిలిన కాస్త చోటులోనే ఒదిగి కూర్చుంది.

మరునాడు పొద్దున నంద్యాల నుంచి అంగడికి వచ్చిన ఫోను పెట్టేసి, ఆదిశేషయ్య మిద్దెక్కి వచ్చి భార్యకు రూతు సంగతి చెప్పాడు. రాజేశ్వరమ్మ పిట్టగోడ వైపు తిరిగింది.

"చెవి పట్టుకోనిదే నిద్రపోదంట ఆ బిడ్డ," అంది.

ఆయనకు అర్థం కాలేదు. పిట్టగోడ మీద స్టీలు గ్లాసు పెట్టినచోటే ఉంది. మజ్జిగ విరిగి, పైన నీళ్లు తేటగా తేలి, అడుగున తెలుపు కదలకుండా కూర్చుని ఉంది.