కెప్టెన్ పడుకున్న పెట్టె

గోదాంలో ఒక వస్తువుకు చోటు దక్కాలంటే అది బయటికి వెళ్లి రావాలి. నా సూత్రం ఇదొక్కటే. బర్బాంక్‌లో ముప్పై ఒక్క ఏళ్లుగా టీవీ వాళ్లకు సామాన్లు అద్దెకిస్తున్నాను. ఏదైనా సీరియల్ మధ్యలో ఆగిపోతే అభిమానులు ఏడుస్తారు, నాకు ఫోను మోగుతుంది. రెండు రోజుల్లో సెట్టు ఖాళీ చెయ్యాలి కదా. లారీ వేసుకుని వెళ్లేవాడికి మంచి బేరం.

‘ఏడో రేవు’ సీరియల్లోని అంతరిక్ష నౌక సెట్టును అలాగే కొన్నాను. పదకొండు భాగాలకే ఆపేశారు దాన్ని. నౌక గోడలకు తెల్లరంగు వేస్తే ఆసుపత్రి అయింది, బూడిదరంగు వేస్తే సబ్‌మెరైన్ అయింది. బాగా తిరిగాయి. కెప్టెన్‌ను మంచునిద్రలో పడుకోబెట్టిన గాజుమూత పెట్టె మాత్రం మూడేళ్లు కదల్లేదు. గ్లెండేల్‌లో కొట్టు నడిపే నా బావమరిది ఓనిక్‌కు ఇచ్చేశాను. వాడు దానికి చల్లబరిచే మోటారు బిగించి వెల్లుల్లి వేసిన క్యాబేజీ ఊరగాయ సీసాలూ మజ్జిగ సీసాలూ పెట్టుకున్నాడు.

పోయిన మార్చిలో ఒక సోమవారం వెల్మా ప్రూయిట్ వచ్చింది. బేకర్స్‌ఫీల్డ్‌లో ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. చంకలో లావుపాటి నోటుపుస్తకం.

“హ్రాంట్ గారూ, నిద్రపెట్టె కావాలి. శనివారానికల్లా.”

ఆమె ఆత్రం చూడగానే నాలోని వ్యాపారి లేచి కూర్చున్నాడు.

“అది ఎప్పుడో విరిగిపోయిందమ్మా. కొత్తది చేయించాలంటే చాలా అవుతుంది.”

వెల్మా పుస్తకం తెరిచింది. “మీ నౌకలో నలభై రెండు గోడ పలకలు. నాలుగోది పళ్ల డాక్టరు సీరియల్లో తలుపు. పదిహేడోది బ్యాంకు దోపిడీలో లాకర్ల వెనక గోడ. ఇరవయ్యోది సబ్‌మెరైన్‌లో తలకిందులుగా బిగించారు.” పేజీ తిప్పింది. “నిద్రపెట్టె మూడేళ్ల కిందట వంటల కార్యక్రమంలో కనబడింది. గ్లెండేల్‌లో ఒక కొట్టు. నిండా ఊరగాయలు.”

నా సరుకు సంగతి నాకన్నా ఎక్కువ తెలిసిన మనిషి ముందు అబద్ధం దండగ. కుర్చీ వేశాను.

“కొట్టుకు వెళ్లారా?”

“వెళ్లాను. ఇవ్వనన్నాడు. పైగా రెండు సీసాలు అంటగట్టి పంపాడు.”

సంగతేమిటంటే, శనివారం మూడు వందల మంది అభిమానులు హోటల్లో కలుస్తున్నారు. పన్నెండో భాగానికి రాసింది మొదటి పేజీ ఒక్కటేనట. సీరియల్ ఆగిన రోజున రచయిత దాన్ని కెప్టెన్ వేషం వేసిన లెనోరా ట్రాస్క్ చేతిలో పెట్టాడు. ఇన్నేళ్లూ ఆమె ఎవరికీ చూపలేదు. ఇప్పుడు నటించి చూపిస్తానంది.

“‘నేను పడుకున్న పెట్టెలోంచే లేస్తా, వేరేదైతే రాను’ అంది. పందొమ్మిదేళ్లుగా కెప్టెన్ నిద్రలోనే ఉంది హ్రాంట్ గారూ. ఆవిడకీ అరవై దాటాయి. మళ్లీ అడిగితే ఒప్పుకుంటుందో లేదో.”

ఓనిక్ దగ్గరికి వెళ్లాను.

“మతిపోయిందా బావా? జనం దాంతో ఫొటో దిగి నాలుగు సీసాలు కొనుక్కుపోతారు. పనికిరాదని నువ్వే వదిలించుకుని, ఇప్పుడు ముద్దొచ్చిందా?”

“నా లెక్క తప్పిందిరా, ఒప్పుకుంటున్నా. నీ లెక్క చూసుకో. ఇవాళ ఇది ఊరగాయల పెట్టె. శనివారం తర్వాత కెప్టెన్ లేచిన పెట్టె. జనం దేని పక్కన నిలబడతారు?”

“శనివారం ఒక్కరోజేనా?”

“శనివారమే. ఇస్తావా, ఇవ్వవా?”

ఓనిక్ గడ్డం గోక్కున్నాడు. “ఊరగాయలు కూడా హోటల్‌కు తెస్తా.”

“తెచ్చుకో.”

“వాసన మాత్రం పోదు, ముందే చెప్తున్నా. పదహారేళ్ల వెల్లుల్లి.”

సరుకు వాడే తీరు తెలుసుకోకుండా పంపడం నాకు అలవాటు లేదు. వెల్మా ఇచ్చిన డిస్కులు పెట్టుకుని రెండు మధ్యాహ్నాలు గోదాంలో కూర్చున్నాను. పదకొండో భాగం చివర కెప్టెన్ తన కాఫీ కప్పును మీటల పక్కన పెట్టి, “ఎవరూ ముట్టుకోకండి, చల్లారేలోపు వస్తా” అని పెట్టెలో పడుకుంటుంది. మూత పడుతుంది. అంతే.

వెంటనే వెల్మాకు ఫోన్ చేశాను. “తర్వాతేమైంది?”

ఆమె పకపకా నవ్వింది. “మేమూ పందొమ్మిదేళ్లుగా అదే అడుగుతున్నాం!”

ఉక్రోషంగా నా కాఫీ అందుకోబోయి ఆగిపోయాను. నీలం రంగు ఇనుప కప్పు, పిడి దగ్గర నెలవంకలా ఊడిన పెచ్చు. తెర మీద ఉన్నదీ అదే. ఆనాటి లారీలో వచ్చిన కప్పులోనే నేను రోజూ కాఫీ తాగుతున్నాను. వెల్మాకు చెప్పలేదు.

శనివారం తెర లేచే ముందు ఫ్లాస్కులోంచి వేడి కాఫీ ఆ నీలం కప్పులో పోసి, వేదిక మీద అభిమానులు అమర్చిన మీటల పక్కన పెట్టాను. లెనోరా పెట్టెలో పడుకుని ముక్కు మూసుకుంది. “ఇందులో ఏం చచ్చిందయ్యా?”

“క్యాబేజీ అమ్మా” అన్నాడు ఓనిక్ వినయంగా.

మూత లేచింది. నెరిసిన జుట్టుతో కెప్టెన్ లేచి కూర్చుంది.

“చల్లారిందా?” అంది.

పేజీలో ఉన్నది ఆ ఒక్క మాటేనట. జవాబు ఎవరూ రాయలేదు. ఆమె కళ్లు మీటల వైపు తిరిగాయి. కప్పులోంచి ఆవిరి వస్తోంది. ఆమె పెట్టె అంచు పట్టుకుని ముందుకు వంగింది, అది నటన కాదు.

పక్కనుంచి నేనే అన్నాను: “లేదమ్మా. ఇప్పుడే పోశాను.”

ఆమె కప్పు రెండు చేతులతో అందుకుని ఒక గుక్క తాగింది.

“పంచదార ఎక్కువైంది” అంది కెప్టెన్.

హాలు దద్దరిల్లిపోయింది. వెల్మా నోటుపుస్తకం నెత్తిన పెట్టుకుని గెంతుతోంది. తర్వాత దాంట్లో ఖాళీగా ఉన్న ఒకే ఒక్క గడిలో రాసుకుంది: ‘కప్పు. దొరికింది. వేడిగా.’

పెట్టెకు ఒకరోజు అద్దె మామూలుగానే తీసుకున్నాను. కప్పు లెనోరా పట్టుకుపోయింది. నేను కాగితం కప్పులో తాగుతున్నాను, రుచి వేరుగా ఉంది. ఓనిక్ కొట్టు ముందు మాత్రం ఇప్పుడు వరుస కడుతున్నారు. పెట్టె మీద వాడు బోర్డు పెట్టాడు: ‘కెప్టెన్ లేచారు. ఊరగాయలు ఉన్నాయి.’