లోపలి తలపు ఉన్న పుట

నేను ఒక గ్రీకు నిఘంటువును. సముద్రానికి అవతల అచ్చయి, ఓడలో వచ్చి, ఒక దైవశాస్త్ర పాఠశాల అలమరలో ముప్పై ఏళ్లు నిలబడ్డాను. నాలో వేల మాటలున్నా, నా బతుకు ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది: ఎంథుమేసిస్. మనిషి పైకి అనకుండా లోలోపల తిరగేసుకునే తలపు అని దాని అర్థం. క్రైస్తవ లేఖనాల్లో అది నాలుగే చోట్ల కనిపిస్తుంది. రెండు చోట్ల, ఎదుటివారి తలపులను యేసు ఎరిగాడని. ఒకచోట, వాటిని దేవుని వాక్యం శోధిస్తుందని. మిగిలిన చోట, బంగారంతో, రాతితో దేవుళ్లను మలచుకునే మనిషి ఊహకు కూడా అదే పేరు. ఈ చివరి చోటు మీద ప్రసంగించిన వారిని నేను చూడలేదు.

అక్కడ చదువు ముగించిన తిమోతి అనే విద్యార్థికి నన్ను బహుమానంగా ఇచ్చారు. ఆయన కొత్తలంక సంఘానికి పాస్టరయ్యాడు. అక్కడొక ఆచారం ఉండేది. నెలనెలా అందరూ రొట్టె పంచుకునే ప్రభు భోజనానికి ముందటి శనివారం, సంఘ పెద్దలు చర్చి వరండాలో బెంచీ వేసుకుని, రొట్టె తీసుకోబోయే ప్రతివారినీ "మనసులో ఏమన్నా ఉందా?" అని అడిగేవారు. "ఏం లేదండి" అనడం మర్యాద. దొంగసారా కాసేవాడి మనసులో కూడా ఆ ఊళ్లో ఎన్నడూ ఏమీ ఉండేది కాదు. పెద్దలు రొట్టె ఆపినవారి గడప మాత్రం ఎవరూ తొక్కరు. చనిపోతే శవపెట్టె మోయడానికి నలుగురు రారు.

ఆ సంఘంలో లేయమ్మ అనే ఆమె తొమ్మిదేళ్ల కూతురు కామెర్లతో పోయింది. నెల తిరగకముందే ఆమె తిమోతి దగ్గరికి వచ్చింది.

"అయ్యగారూ, ప్రార్థనకి కూకుంటే ఎదర ఎవరూ లేరనిపిస్తందండి. పాపమేనంటారా?"

ఆయన నన్ను తెరిచి ఎంథుమేసిస్ అన్న మాట వెదికాడు.

"పాపం కాదమ్మా. లోపలి తలపు. దాని మీద తీర్పు చెప్పేది మనుషులు కాదు. ఎవరడిగినా ఈ మాటే చెప్తాను."

ఆమె వెళ్లాక నా అంచున పెన్సిలుతో రాశాడు: దీనికి మనిషి న్యాయాధిపతి కాడు.

ఆ ధైర్యంతోనే లేయమ్మ పొరపాటు చేసింది. శనివారం నాటి ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పింది.

"ఏంటమ్మా, దేవుడు లేడంటావా?" అన్నాడు పెద్దల్లో పెద్దయిన ఏలీయా.

"లేడనట్లేదు బాబాయ్. నాకు కనపట్లేదంటన్నాను."

"మాకు కనపడతన్నాడేంటే?" అంది వరుసలో వెనక నిలబడ్డ రాహేలు. "ఏం లేదని చెప్పి పోతన్నాం గదా, నీకే వచ్చిందా సత్తెం?"

కొందరు నవ్వారు. ఏలీయా నవ్వలేదు. తిమోతి వైపు తిరిగాడు.

"అయ్యగారూ, మీరు చదూకున్నోరు. ఏం జెయ్యమంటారు?"

నేను ఆయన ఒడిలో ఉన్నాను. ఆయన వేలు ఆ పుటలోనే ఉంది. చెప్పవలసిన వాక్యం ఆయన చేతిరాతలోనే ఉంది. లేయమ్మ ఆయననే చూస్తోంది. వేలు మెల్లగా బయటికి వచ్చింది, నేను మూసుకున్నాను.

"సంఘం ఎలా అంటే అలా," అన్నాడు.

ఏలీయా కలం రొట్టె తీసుకునేవారి జాబితాలో ఆమె పేరును కొట్టేసింది.

ఆ సాయంత్రమే తిమోతి నా అంచును రబ్బరుతో తుడిచాడు. అక్షరాలు పోయాక కూడా తుడిచాడు, కాగితం పలచబడేదాకా. లేయమ్మ మళ్లీ చర్చికి రాలేదు. ఆరేళ్లకు ఆమె పోతే, మోసేవారు లేక, తమ్ముడు పెట్టెను ఎడ్లబండి మీద తీసుకుపోయాడు. తిమోతి కిటికీలోంచి చూశాడు. తర్వాత ఇంకా ఇరవై ఏళ్లు నెలనెలా రొట్టె విరిచాడు. పాస్టరును ఆ ప్రశ్న అడిగే ఆచారం లేదు. లోపలి తలపుకు నేను అర్థం చెప్పగలను గాని, ఎవరి తలపునూ చదవలేను. అందువల్ల అన్నాళ్లూ ఆయన లోపల ఏముందో నాకు తెలియలేదు.

ఇప్పుడు పాత కాగితాల కొట్టులో ఉన్నాను. రేపు నా అట్టను చించి వేరు చేస్తారట. ఆ పుటను ఇక ఎవరూ తెరవరు. చనిపోవడానికి వారం ముందు తిమోతి దాన్ని తెరిచి, అరిగిన చోటే మళ్లీ రాశాడు. పలచబడ్డ కాగితం పెన్సిలు మొనకు చిరిగింది. చిరగని మేర ఇంకా చదవవచ్చు:

నాకూ ఎవరూ కనపడలేదు లేయమ్మా, ఆ రోజు కూడా.