రక్షిత కట్టడం హెన్నర్ వీబుష్

హెన్నర్ వీబుష్ ఆ మే నెలలో రిటైర్ కావాలనుకున్నాడు. వయసు నలభై ఒకటి. పద్దెనిమిదో ఏట బ్రాకెన్‌రోడె ఫుట్‌బాల్ క్లబ్బు గోల్‌లో నిలబడ్డాడు, ఇంకో క్లబ్బుకి వెళ్లలేదు. జట్టు రెండో డివిజన్‌కి ఎక్కినప్పుడు ఉన్నాడు, మూడో డివిజన్‌కి దిగినప్పుడూ ఉన్నాడు. ఇప్పుడు కుడి మోకాల్లో ఎముకకి ఎముక రాసుకుంటోంది. ఇంటి మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నాడు. మోకాలి చిప్ప మార్చడానికి ఆస్పత్రివాళ్లు జూన్‌లో తేదీ ఇచ్చారు.

ఏప్రిల్‌లో మునిసిపాలిటీ క్లబ్బు మైదానాన్ని ఒక ఫర్నిచర్ దుకాణానికి ఇవ్వబోతోందని తెలిసింది, కార్లు నిలుపుకోవడానికి. క్లబ్బు సభ్యులది కాబట్టి సభ్యులు సమావేశమయ్యారు. బీరు, బంగాళదుంప సలాడ్, ఆ తర్వాత చేతులెత్తి ఓటు. మైదానానికి వారసత్వ కట్టడమని ముద్ర వేయిస్తే ఎవడూ దాన్ని కదపలేడని ఒకాయన అన్నాడు. అందరూ చేతులెత్తారు. హెన్నర్ కూడా ఎత్తాడు.

కట్టడాల రక్షణ కార్యాలయం నుంచి ఓటీలీ ష్వెర్ట్‌ఫెగర్ అనే అధికారిణి వచ్చింది. క్లబ్బు అధ్యక్షుడు ల్యూడెకె ఆమెని వెంటబెట్టుకుని తిప్పాడు. ఆయనకి సైకిళ్ల దుకాణం ఉంది, ఆ రోజు మూసేసి వచ్చాడు.

"ఈ గ్యాలరీ ఎప్పటిది?"

"వెయ్యి తొమ్మిదొందల ఇరవై ఏడుది మేడమ్."

"కాంక్రీటులా ఉందే."

"చెక్కది కాలిపోయింది. తర్వాత పోశాం."

"గోల్ స్తంభాలు?"

"కిందటేడు మార్చాం."

"గడ్డి?"

"అదీ కిందటేడే."

"మరి పాతదేముందండీ ఇక్కడ? చోటు మారనిది, చెయ్యి పడనిది?"

ల్యూడెకె చుట్టూ చూసి దక్షిణం వైపు గోల్ కేసి వేలు చూపించాడు. గోల్ ముందు నేలలో పడిన గుంటని చూపించానని ఆయన ఇప్పటికీ అంటాడు. ఆ గుంటలో హెన్నర్ నిలబడి ఉన్నాడు. ఆమె వెళ్లి హెన్నర్ చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఎన్నాళ్లుగా ఉన్నారిక్కడ?"

"ఇరవై మూడేళ్లు."

"మధ్యలో ఎక్కడికైనా తరలించారా?"

"పెళ్లికి సెలవిచ్చారు."

"మరమ్మతులు?"

"ముక్కు రెండుసార్లు విరిగింది. అతికించారు."

"మోకాళ్లు అసలువేనా?"

"అసలువే మేడమ్. అదే నా బాధ."

ఆమె ఫోటోలు తీసుకుంది. పక్కనుంచి కూడా తీసుకుంది.

మే నెలాఖరుకి నిర్ణయం వచ్చింది. గ్యాలరీకి విలువ లేదు, స్తంభాలకి విలువ లేదు. దక్షిణం గోల్‌నీ అందులోని గోల్‌కీపర్‌నీ కలిపి రక్షిత కట్టడంగా ప్రకటించారు. కట్టడం ఉన్నంతకాలం మైదానం జోలికి ఎవరూ రాకూడదు. ఫర్నిచర్ దుకాణం తప్పుకుంది. ల్యూడెకె క్లబ్బు హాల్లో అందరికీ బీరు పోయించి, హెన్నర్ భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు మమ్మల్ని కాపాడావురా."

"ఇంకెవరు కాపాడతారు, అది నా ఉద్యోగం. సోమవారం నా వీడ్కోలు మ్యాచ్ సంగతి మాట్లాడదాం."

"వీడ్కోలు ఏంటి? నువ్వెళితే కట్టడం లేదు. కట్టడం లేకపోతే మైదానం లేదు."

"నాకు జూన్‌లో ఆపరేషన్ ఉందయ్యా."

"కట్టడంలో మార్పులకి అనుమతి కావాలట. అడుగుతాం."

రక్షిత కట్టడాలకి నీలం తెలుపు పలక ఒకటి బిగిస్తారు. హెన్నర్‌కి మేకు కొట్టడం కుదరదు కాబట్టి జెర్సీ మీద, రొమ్ము దగ్గర కుట్టారు.

జులై చివర్లో సీజన్ మొదలైంది. కట్టడాన్ని ఉన్న చోటు నుంచి కదపకూడదని ష్వెర్ట్‌ఫెగర్ గుర్తు చేసింది. దాంతో సొంత మైదానంలో విరామం తర్వాత జట్లు వైపులు మారడం మానేశాయి, బయటి ఊళ్లలో ఆడినప్పుడల్లా రెండో గోల్‌కీపర్ యానెస్ టెపర్వీన్ నిలబడ్డాడు. నాలుగేళ్లుగా బెంచీ మీద కూర్చున్నవాడు, పాతికేళ్లు దాటాయి. బాగా ఆడాడు. జట్టు బయట గెలవడం మొదలుపెట్టింది. సొంత మైదానంలో ఓడింది. హెన్నర్ ఎడమకి దూకగలిగేవాడు, కుడికి దూకలేడు. రెండో వారానికే ఆ సంగతి లీగ్ అంతటికీ తెలిసిపోయింది.

"బయట గెలుపు, ఇంట్లో వారసత్వం" అని జనం సాసేజ్ కొట్టు దగ్గర అనుకున్నారు. హెన్నర్‌ని ఎవరూ తిట్టలేదు. రక్షిత కట్టడాన్ని తిడితే జరిమానా ఉంటుందేమోనని అనుమానం.

సెప్టెంబరులో కట్టడాల సందర్శన దినం వచ్చింది. ఆ ఆదివారం దేశంలో ఉన్న పాత మిల్లులూ కోటలూ జనానికి తెరిచినట్టే హెన్నర్‌నీ తెరిచి పెట్టారు. పొద్దున్నుంచీ గోల్‌లో నిలబడ్డాడు. క్యూ కార్నర్ జెండా దాకా వెళ్లింది. ఒకావిడ హెన్నర్ గ్లవ్స్ తడిమి చూసింది.

"లోపలికి వెళ్లొచ్చా?" అని ల్యూడెకెని అడిగింది.

"లోపల మరమ్మతులున్నాయండీ" అన్నాడాయన.

ఆ సాయంత్రం హెన్నర్ భార్య మార్లీస్ ష్వెర్ట్‌ఫెగర్‌ని కాఫీకి పిలిచింది. ప్లమ్ పళ్ల కేకు చేసింది. మార్లీస్ బేకరీలో పనిచేస్తుంది, ఉన్నదున్నట్టు మాట్లాడుతుంది.

"మేడమ్, ఈయన స్నానాల తొట్టిలోకి దిగాలంటే నేను పట్టుకోవాలి. ఆపరేషన్‌కి అనుమతి ఎప్పుడిస్తారు?"

"ఆపరేషన్‌కి నాకు అభ్యంతరం లేదండీ. మూడు షరతులే. పాత భాగం వీలైనంత ఉంచాలి. కొత్త భాగం కొత్తదని తెలియాలి. ఎప్పుడైనా కొత్తది తీసేసి పాతది మళ్లీ పెట్టే వీలుండాలి."

హెన్నర్ అక్కడికక్కడే సర్జన్‌కి ఫోన్ చేశాడు. సర్జన్ రెండు షరతులకి ఒప్పుకుని మూడోది విని ఫోన్ పెట్టేశాడు.

"అయితే ఈయన మైదానంలో పడి పోతే ఏం చేస్తారు?" అని మార్లీస్ అడిగింది.

"కూలిపోతే పునర్నిర్మిస్తామండీ" అంది ష్వెర్ట్‌ఫెగర్, కేకు కోసుకుంటూ. "మీ టౌన్ హాల్ యుద్ధంలో కూలింది కదా. ఇప్పుడున్నది ఫోటోలు చూసి మళ్లీ కట్టిందే. దానికీ పలక ఉంది. అసలుది పోయిందని తేలితే చాలు, అచ్చం అలాంటిదే అక్కడ పెట్టొచ్చు."

హెన్నర్ కేకు పళ్లెం పక్కకి జరిపాడు.

"నేను ఎంత కూలితే సరిపోతుంది?" అని హెన్నర్ అడిగాడు.

ఆమె ఆలోచించింది. "వాడుకలో ఉండగా, మైదానంలో, నేను చూస్తుండగా. గోల్ కాపాడే పని ఆగిపోవాలి. మీరు పడి లేవకపోతే, బంతి మిమ్మల్ని దాటి లోపలికి పోతే, కూలినట్టే."

"అంటే గోల్ వదిలేయాలి."

"అవును."

"కావాలని."

"కట్టడాలు కావాలని ఏదీ చేయవండీ" అంది ఆమె.

ష్వెర్ట్‌ఫెగర్ వెళ్లాక హెన్నర్ చాలాసేపు బల్ల దగ్గరే కూర్చున్నాడు. మార్లీస్ గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"చేతకాక వదిలినవి ఎన్ని లేవు. ఇంకొకటి వదలడానికి ఏమైంది?"

"వాటన్నిటికీ నేను దూకాను, మార్లీస్."

అక్టోబరులో పక్క ఊరి జట్టు ఆడటానికి వచ్చింది. ష్వెర్ట్‌ఫెగర్ గోల్ వెనక గొడుగు వేసుకుని నిలబడింది. ల్యూడెకెకి సంగతి తెలుసు. యానెస్‌కి తెలుసు, బెంచీ పక్కన ఒళ్లు వేడెక్కించుకుంటున్నాడు. మిగతా వాళ్లకి తెలియదు.

మొదటి సగంలో వాళ్ల పొడుగాటి ఫార్వర్డ్ కుడి మూలకి కొట్టాడు. హెన్నర్ పడ్డాడు. బంతి స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. ఫార్వర్డ్ దాని మీదికి పరుగెత్తాడు. హెన్నర్ లేచి, ఆ కాలి మీదే లేచి, రెండు చేతులతో బంతిని పైకి తోశాడు. గ్యాలరీ అంతా నిలబడింది. ఆ సీజన్‌లో సొంత మైదానంలో అంతటి ఆట చూడలేదు.

"లేచారు" అంది ష్వెర్ట్‌ఫెగర్ వెనకనుంచి.

"తెలుసండీ" అన్నాడు హెన్నర్. "నేను లేవలేదు. అదే లేచింది."

"ఎవరు?"

"ఒళ్లు."

విరామంలో మోకాలు బంగాళదుంపలా ఉబ్బింది. జట్టు డాక్టర్ చూసి తల తిప్పేసుకున్నాడు. యానెస్ పక్కన కూర్చున్నాడు.

"సార్, ఇవాళ కాకపోతే వచ్చే మ్యాచ్‌లో చూద్దాం. నాకేం తొందర లేదు."

"అబద్ధాలాడకు. నాలుగేళ్ల నుంచి నా మోకాలి వంకే చూస్తున్నావు."

"చూశాను" అన్నాడు యానెస్. "ఏం చెయ్యమంటారు?"

రెండో సగం చివర్లో పక్క ఊరి డిఫెండర్ ఒకడు నలభై గజాల నుంచి, ఎవరికీ తోచక, ఊరికే కొట్టాడు. బంతి వానలో జారి, ఎగిరి, నెమ్మదించింది. హెన్నర్ ముందుకొచ్చి కాలు జారి పక్కకి పడ్డాడు. జారడం నిజం. బంతి ఆయన మొహం ముందునుంచి దొర్లుకుంటూ వెళ్లింది. చెయ్యి చాపితే అందుతుంది. కుడి చెయ్యి లేచింది. ఎడమ చేత్తో ఆ చేతిని పట్టుకుని పొట్ట కిందికి లాక్కున్నాడు. బంతి గీత దగ్గర గుంటలో ఆగినట్టయి, దాటింది. ఆయన కళ్లు మూసుకోలేదు, దాటేదాకా చూశాడు.

ల్యూడెకె టోపీ తీశాడు.

ఆటగాళ్లు పరుగెత్తుకొచ్చారు. లేపబోయారు.

"ముట్టుకోకండి" అన్నాడు హెన్నర్. "కూలిపోయాను."

ష్వెర్ట్‌ఫెగర్ గొడుగు మూసి దగ్గరికొచ్చింది. చూసింది. "పూర్తి నష్టం" అంది. స్ట్రెచర్ మీద ఎత్తుకెళ్తుంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎడమ చెయ్యి ఇంకా కుడి చేతిని పట్టుకునే ఉందని మార్లీస్ చూసింది. వదిలించడానికి అంబులెన్సులో కొంచెం సేపు పట్టింది.

నవంబరులో కొత్త మోకాలు వేశారు. యానెస్ హెన్నర్‌లాగే మీసం పెంచాడు. ఫోటోలు చూసి ఆయన నిలబడే తీరు, గ్లవ్స్ మీద ఉమ్మే తీరు నేర్చుకున్నాడు. మ్యాచ్ ముందు మైకులో ఆటగాడి పేరు చెబితే ఇంటిపేరు జనం అరవాలి. మైకు "యానెస్" అంది. జనం "వీబుష్" అని అరిచారు. యానెస్ చెయ్యి ఊపాడు.

మార్చిలో హెన్నర్ మొదటిసారి టికెట్ కొనుక్కుని మ్యాచ్‌కి వచ్చాడు. దక్షిణం గోల్ వెనక ష్వెర్ట్‌ఫెగర్ పక్కనే నిలబడ్డాడు. పునర్నిర్మాణం అసలుకి తగ్గట్టుందో లేదో చూడటానికి ఆమె నెలకోసారి వస్తోంది. తేడా ఉంటే పలక తీసేస్తుంది.

ఒక ఫార్వర్డ్ ఒంటరిగా దూసుకొచ్చాడు. యానెస్ గీత వదిలి ముందుకురికి, గాల్లో తిరిగి, మడమతో బంతిని బయటికి తన్నాడు.

ష్వెర్ట్‌ఫెగర్ కనుబొమలు ముడిచింది. "మడమతో ఆపడం. ఇది అసలులో లేదే."

యానెస్ లేచి, మట్టి దులుపుకోకుండా, వీళ్ల వంక చూశాడు. ల్యూడెకె బెంచీ దగ్గర నుంచి చూస్తున్నాడు.

హెన్నర్ జన్మలో మడమతో బంతి ఆపలేదు.

"ఉండేది మేడమ్" అన్నాడు. "మీరు రాకముందు."