ఉరుము వెనక చెల్లో

కళ్ళద్దాల షాపుకి ఆదివారం సెలవు. అంటే షట్టరుకి సెలవు, షాపాయనకి కాదు. మధ్యాహ్నం రెండయ్యేసరికి సగం లేపిన షట్టరు కింద నుంచి వంగి లోపలికి దూరేవాళ్ళు ఇద్దరున్నారు. ఒకాయన పళ్ళ డాక్టరు, ఇంకొకాయన సిటీ బస్సు డ్రైవరు. వీళ్ళిద్దరూ కళ్ళద్దాలాయనా కలిస్తే ఒక బ్యాచ్. పదకొండేళ్ళుగా ఈ బ్యాచ్‌కి ఉన్న పని ఒక్కటే. పోయిన ఒక సంగీత దర్శకుడి నేపథ్య సంగీతం గురించి గొంతులు చించుకోవడం.

ఆయన్ని పేరు పెట్టి పిలవరు, పెద్దాయన అంటారు. పాటలంటారా, పాటలు ఊరంతా వింటుంది. వీళ్ళకి కావలసింది అవి కాదు. హీరో మెట్లెక్కుతుంటేనో, తల్లి తలుపు తీస్తుంటేనో వెనకాల అరవై మంది కూర్చుని వాయిస్తారే, అదీ. రికార్డుగా ఏనాడూ బయటికి రానిదైతే మరీ ప్రాణం. "పాట పెళ్ళికూతురండీ, అందరూ చూస్తారు. నేపథ్యం వంటమనిషి. ఆవిడ లేకపోతే పెళ్ళెక్కడిది?" అంటాడు డ్రైవరు. ఈ మాట ఇప్పటికి ఓ వంద సార్లన్నా అనుంటాడు, అన్న ప్రతిసారీ కళ్ళద్దాలాయన కొత్తగా విన్నట్టే తలూపుతాడు.

పెద్దాయన ఆఖరి సినిమా వారం ఆడి ఎత్తేశారు. కానీ దాని చివర పన్నెండు నిమిషాలున్నాయి చూశారూ, అబ్బ! ఒక్క మాట ఉండదు. నడిసముద్రంలో పడవ, గాలివాన, నిండు ఆర్కెస్ట్రా. ఆ రికార్డింగు టేపులు స్టూడియో గోదాములో తడిసి బూజు పట్టాయి. రాసిన కాగితాలు ఏ చిత్తుకాగితాల బండిలో పోయాయో. ఫిల్ము ప్రింటూ లేదు. మిగిలిందల్లా ఎప్పుడో టీవీలో వేసినప్పుడు డాక్టరుగారి మామయ్య రికార్డు చేసి పెట్టుకున్న వీడియో క్యాసెట్టు. దాన్ని విని విని, వెనక్కి తిప్పి తిప్పి, కళ్ళద్దాలాయన ఏడేళ్ళలో ఆ పన్నెండు నిమిషాలకీ నొటేషన్ రాశాడు. చిన్నప్పుడు నేర్చిన వయొలిన్ ఆయనకి తిండి పెట్టలేదు కానీ చెవినిచ్చింది.

ఇక ఆ క్యాసెట్టు మీద బ్యాచ్‌కి మూడు సిద్ధాంతాలున్నాయి. మొదటిది డ్రైవరుది: పాత పోస్టరు మీద సినిమా నూట యాభై నిమిషాలని ఉంది, క్యాసెట్టు నూట నలభై నాలుగే వస్తోంది, కాబట్టి టీవీ వాళ్ళు ఆరు నిమిషాలు కోసేశారు దుర్మార్గులు. ఆ ఆరు నిమిషాల సంగీతం కోసం ఆయన ఎక్కని గుమ్మం లేదు. రెండోది కళ్ళద్దాలాయనది: పెద్దాయన నాదం మెరవాలని అందరి వాద్యాలూ మామూలు కన్నా కాస్త శ్రుతి పెంచి కట్టించేవాడని. మూడోది డాక్టరుగారిది, అన్నిట్లోకీ గొప్పది. పడవ తిరగబడే ముందు పదకొండు సెకన్ల ఉరుము ఉంటుంది. అందులో ఆర్కెస్ట్రా పిసరంతైనా వినపడదు. "అరవై మందిని కూర్చోబెట్టి, అక్కడ ఊరుకోమన్నాడండీ! మౌనం! అదీ గుండె ధైర్యమంటే!" అని నోట్లో పరికరం పెట్టించుకుని మాట్లాడలేని పేషెంట్లకి కూడా చెప్పేవాడాయన.

కళ్ళద్దాలాయన తన నొటేషన్లో ఆ చోట నాలుగు గళ్ళు ఖాళీగా వదిలి, పైన ఎర్ర పెన్సిలుతో "ఉరుము" అని రాశాడు.

ఇంతలో సంగీత కళాశాల వాళ్ళు ఆ పన్నెండు నిమిషాలూ తమ వార్షికోత్సవంలో వాయిస్తామన్నారు. కాగితాలు సోమవారం పొద్దునకల్లా చేతికివ్వాలి, ఆ తర్వాత ఒక్క చుక్క మార్చేది లేదన్నారు. బ్యాచ్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సరిగ్గా ఆ వారమే డ్రైవరు బస్సులోకి ఒకావిడ తనంత ఎత్తు పెట్టెతో ఎక్కింది. డెబ్భై దాటిన మనిషి. పెట్టెలో ఏముందమ్మా అంటే చెల్లో, మనిషంత వయొలిన్ అనుకో అంది, ఎక్కడ వాయించేవారమ్మా అంటే సినిమాల్లో అంది. డ్రైవరు ఊరుకుంటాడా, ఆఖరి సినిమా పేరెత్తాడు.

"వాయించాను నాయనా. ఆ ఉరుము ఉంటుందే, దాని వెనక నాదే సోలో."

డ్రైవరు రెండు స్టాపులు ఆపకుండా పోయాడు. దిగాల్సిన వాళ్ళు తిట్టిన తిట్లు ఆయన చెవికెక్కలేదు.

ఆదివారం చెల్లోగారు వచ్చింది. వెంట చెల్లెలు కూడా వచ్చింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. రిటైరైన నర్సు ఆ చెల్లెలు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. కుర్చీలో కూర్చుంటూనే మొదలెట్టింది.

"ముప్పై ఎనిమిదేళ్ళుగా వింటున్నానండీ ఈ సోలో కథ. చుట్టాలం పదకొండు మందిమి వెళ్ళాం సినిమాకి. అక్క ఇప్పుడొస్తా, ఇప్పుడొస్తా అంటోంది. ఢామ్మని ఉరిమింది. 'అదే నేను' అంది! హాలంతా నవ్వాం. అప్పట్నించీ మా ఇంటి మీద ఎప్పుడు ఉరిమినా, అదిగో అక్క వాయిస్తోంది అంటాం."

"అంటారు," అని చెల్లోగారు కూడా నవ్వింది. ఆ నవ్వు ఎంత కష్టంగా వచ్చిందో కళ్ళద్దాలాయన చూశాడు. చూసి, ఆ నాలుగు గళ్ళూ నింపకుండా ఈ కాగితాలు కాలేజీకి పంపకూడదని అక్కడికక్కడే అనుకున్నాడు.

"రికార్డింగు నాడు పెద్దాయన అందర్నీ ఆపి నన్నొక్కదాన్నే వాయించమన్నాడు," అంది చెల్లోగారు పెట్టె విప్పుతూ. "దిగుతూ దిగుతూ రావాలి స్వరం. 'ఇంకా కిందకి వెళ్ళమ్మా' అంటాడు. ఇంక లేదండీ, ఇదే అడుగు తీగ, వేలు కూడా పెట్టక్కర్లేదు అన్నాను. 'అయితే అక్కడే వదిలెయ్, అందరూ దాన్నే అందుకుంటారు' అన్నాడు. తర్వాత సౌండు వాళ్ళు దాని మీద ఉరుము శబ్దం పోశారు. ఏడ్చాను. 'రికార్డు వేస్తారమ్మా, దాంట్లో ఉరుముండదు, నువ్వే ఉంటావు' అన్నాడు. ఆయనే పోయాడు, రికార్డు ఎక్కడిది?"

డాక్టరుగారు క్యాసెట్టుని ఎప్పుడో కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఇప్పుడా లాప్‌టాప్ కళ్ళద్దాల ఫ్రేముల మధ్య పెట్టి మొదలెట్టాడు. గాలివాన లేచింది. చెల్లోగారు క్యాసెట్టు శ్రుతికి తీగల బిరడాలు పిసరు సర్దుకుంది, కమాను పట్టింది. ఉరుము దగ్గర కమాను కదిలింది, నాలుగు స్వరాలు పలికి ఆగిపోయింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ ఆగింది. ఏడు సార్లు పెట్టారు. వేళ్ళు ఒక చోటికి వెళ్తాయి, చెవి కాదంటుంది, చెవి చెప్పిన చోటికి వెళ్తే వేళ్ళు మొరాయిస్తాయి.

ఎనిమిదోసారి పెట్టబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "మీ కాగితం ఇలా ఇవ్వండి. ఇదిగో, ఉరుము అయ్యాక అందరూ అందుకునే స్వరం. ఇది నా అడుగు తీగ కన్నా అరమెట్టు పైనుంది. వాళ్ళు అందుకోవలసింది నా స్వరాన్నే అయితే, నేను అడుగు తీగ మీద ముగించి ఉండను. ఉంటే పొసగదు." కాగితం తిరిగి బల్ల మీద పెట్టేసింది. "ఏమో నాయనా. వయసు మీద పడింది. ఇన్నేళ్ళూ నాకు నేనే కల్పించుకుని చెప్పానేమో. ఆ గళ్ళు అలాగే వదిలెయ్యండి."

గెలిచిన సంతోషం చెల్లెలి మొహంలో లేదు. చెల్లోగారు కమాను తుడిచి పెట్టెలో పెట్టేసింది.

కళ్ళద్దాలాయన ఆ కాగితాన్ని తన ముందుకి లాక్కున్నాడు. ఎందుకంటారా? శుక్రవారం ఆయన ఒక తప్పు చేశాడు. ఇద్దరి కళ్ళద్దాలు తారుమారుగా ఇచ్చాడు. మర్నాడు ఒక పెద్దావిడ వచ్చి, "అద్దాలు బాగానే ఉన్నాయి బాబూ, నా కళ్ళే పోయాయి" అని కన్నీళ్ళు పెట్టుకుంది. ఇరవై ఆరేళ్ళ వ్యాపారంలో ఆయన చూసింది ఇదే. పవరు తప్పితే మంచి మనిషి అద్దాన్ని అనడు, తన కంటినే తిట్టుకుంటాడు.

'ఈవిడ కంట్లో లోపం లేదు. నా అద్దంలోనే ఉంది' అనుకున్నాడు. అరమెట్టు ఒక్క స్వరంలో తేడా అయితే తను రాసిన తప్పు. మొత్తం సంగీతమే అరమెట్టు పైనుంటే? శ్రుతి పెంచి కట్టించాడన్నది తన సిద్ధాంతమే కదా, పెద్దాయన చెప్పాడా ఏమన్నా?

"డ్రైవరన్నా," అన్నాడు. "నూట యాభై నిమిషాల రూటుని నూట నలభై నాలుగులో లాగించేస్తే ఏమిటర్థం?"

"ఏముంది, ఏదో స్టాపు ఎగ్గొట్టినట్టు."

"స్టాపులన్నిట్లో ఆగావనుకో."

"అయితే యాక్సిలరేటరు తొక్కినట్టు."

"మన క్యాసెట్లో ఏ సీను లేదు? పాటల పుస్తకంలో కథంతా ఉంది కదా, పదకొండేళ్ళుగా చూస్తున్నాం. ఏది లేదు?"

డ్రైవరు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. అన్ని సీన్లూ ఉన్నాయి. ఏ సీను కోశారా అని పదకొండేళ్ళు బుర్రలు బద్దలు కొట్టుకున్నారే గానీ, ఏదీ కొయ్యలేదేమోనన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. పిచ్చి ప్రేమంటే ఇలాగే ఉంటుంది మరి.

డాక్టరుగారు అప్పటికే ఫోనులో వెతికేస్తున్నాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది. సినిమా హాల్లో బొమ్మ సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు తిరుగుతుంది. ఆ రోజుల్లో టీవీలో వేస్తే ఇరవై ఐదు. బొమ్మతో పాటు సంగీతమూ పరిగెడుతుంది, పరిగెడితే శ్రుతి పైకి లేస్తుంది, దాదాపు అరమెట్టు. నూట యాభై నిమిషాల సినిమా సరిగ్గా నూట నలభై నాలుగులో అయిపోతుంది.

"అంటే ఆ ఆరు నిమిషాలు..." డ్రైవరు ఫోను మీదకి వంగి చూశాడు. "లేనే లేవా అన్నా?"

"ఉన్నాయన్నా. మొత్తం సినిమాలో కలిసే ఉన్నాయి. మనమే పరిగెత్తిస్తూ విన్నాం."

డాక్టరుగారు లాప్‌టాప్‌లో వేగం నూటికి తొంభై ఆరుకి తగ్గించాడు. మళ్ళీ మొదలెట్టాడు.

ఎంత తేడా! ఇన్నేళ్ళూ తరుముకొచ్చినట్టుండే గాలివాన ఇప్పుడు తీరుబడిగా, బరువుగా లేచింది. వయొలిన్ల మెరుపు తగ్గి కింద లోతు తెలిసింది. "అయ్యబాబోయ్," అన్నాడు డాక్టరు. "ఇంత గొప్పవాడనుకోలేదండీ. గొప్పవాడని తెలుసు గానీ, ఇంతని తెలీదు." డ్రైవరు కళ్ళు ఒత్తుకున్నాడు, ఆరు నిమిషాలు పోయినందుకో, సినిమా మొత్తం దొరికినందుకో ఆయనకే తెలియాలి.

చెల్లోగారు పెట్టె మూత మీద చెయ్యి వేసుకుని వింటోంది. అర నిమిషం విందో లేదో, లేచి మూత తీసింది. ఒకరూ పిలవలేదు, తనే తీసింది. బిరడాలు మళ్ళీ మామూలు శ్రుతికి తిప్పి కమాను అందుకునేసరికి ఉరుము రానే వచ్చింది.

ఆవిడ కళ్ళు మూసుకుంది. వేళ్ళు ఎవర్నీ అడక్కుండా వాటి దారిన అవి దిగాయి. పై తీగ నుంచి ఒక్కో మెట్టూ, తొందర లేకుండా, తిరగబడబోయే పడవలో ఒక మనిషి భయం వదిలేసి కూర్చున్నట్టు. లాప్‌టాప్‌లో ఉరుము దొర్లుతూనే ఉంది, కానీ ఆ ఇరుకు షాపులో అది ఎవరికీ పట్టలేదు. చివర్న కమాను అడుగు తీగకి తగిలింది. వేలు లేని ఆ ఒట్టి తీగ మోగితే గాజు బీరువాలో కళ్ళద్దాలన్నీ సన్నగా వణికాయి. సరిగ్గా అప్పుడే ఉరుము ఆగి, క్యాసెట్టులోని ఆర్కెస్ట్రా అంతా ఆ స్వరాన్నే అందుకుంది.

కళ్ళద్దాలాయన ఏడుస్తూనే నాలుగు గళ్ళూ రాసేశాడు. మిగతాది రేపు పొద్దునలోగా అరమెట్టు దించి తిరగరాయాలి, అరవై మంది కాగితాలు. రాయొచ్చు, ముగ్గురున్నారు.

"నా మౌనం పోయింది," అన్నాడు డాక్టరుగారు. అంతలోనే వేలెత్తాడు. "పోలేదండీ! మిగతా యాభై తొమ్మిది మందినీ ఊరుకోబెట్టాడుగా, ఈవిడ కోసం!"

ఆ మాటకి అందరూ నవ్వారు, చెల్లెలు తప్ప. ఆవిడ కుర్చీలోంచి లేచి అక్క దగ్గరికి వెళ్ళింది. ఇంట్లో ముప్పై ఎనిమిదేళ్ళు ఉరిమిన ప్రతిసారీ ముందుగా ఆ వేళాకోళం మొదలెట్టింది తనే.

"ఇంత బాగుంటుందని చెప్పలేదేమే అక్కా?"

"చెప్పానే. నువ్వు నవ్వావు."

చెల్లెలు బల్ల దగ్గరికి వచ్చి, కళ్ళద్దాలాయన చేతిలోంచి రబ్బరు తీసుకుంది. నాలుగు గళ్ళ పైన ఎర్రగా ఉన్న "ఉరుము" అన్న మాటని, కాగితం చిరగకుండా, నర్సు చేతులతో నెమ్మదిగా పూర్తిగా చెరిపేసింది. పొట్టు ఊదేసి కాగితం ఆయన ముందుకి జరిపింది.

"ఇక్కడ మా అక్క పేరు రాయండి," అంది.