తాళం తిప్పినా ఆగని బండి

మోక ఊరు దాటినప్పటి నుంచీ కారు వెనక నీలం పొగ వస్తూనే ఉంది. వేగం పెంచితే సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. వెనక సీట్లో కట్టు కట్టిన కాలు చాపుకుని అత్త రామలక్ష్మమ్మ ఉంది. ఆమెను బళ్ళారి ఆసుపత్రిలో చూపించాలి. అందుకే చంద్రిక నెమ్మదిగా తోలుతూ వచ్చింది. కప్పగల్లు దగ్గర పొగ మరీ ఎక్కువయ్యేసరికి, ఇక లాభం లేదని పక్కకు తీసి ఆపింది.

ఇంజను ఆపొద్దని, ఈల ఎక్కడిదో వింటానని చెప్పి మరిది మాధవ దిగి బానెట్ ఎత్తాడు. పాత డీజిల్ బండి. ఇంజనులోకి గాలిని బలంగా తోసే టర్బో ఉందని అమ్మినవాళ్ళు చెప్పలేదు, బండి మీద ఎక్కడా రాసి లేదు.

"ఉండాది వదినా, టర్బోనే," అన్నాడు లోపలికి వంగి. "పొగగొట్టం మొదట్లో, నత్తగుల్ల మాదిరి. దీని పైపంతా ఆయిలే."

అంతలోనే ఇంజను దానంతటదే రేగింది. చంద్రిక కాలు యాక్సిలరేటర్ మీద లేదు. చప్పుడు క్షణక్షణానికీ పెరుగుతోంది, స్టీరింగు చేతుల్లో వణుకుతోంది. తాళం తిప్పేసింది. ఆగలేదు. తలుపు తీసి ఒక కాలు కింద పెట్టింది.

"చంద్రికా, నాకు లెయ్యనీకి కాదే," అంది వెనక నుంచి అత్త.

చంద్రిక కాలు లోపలికి లాక్కుంది.

"ఐదో గేరుకేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్చు ఇడువు!" మాధవ గొంతు ముందు నుంచే వచ్చింది. ఆమె క్లచ్చు, బ్రేకు తొక్కి గేరు వేసింది. ఎత్తిన బానెట్, దాని చుట్టూ పొగ. మనిషి కనిపించడం లేదు. క్లచ్చు వదిలాక బ్రేకు జారితే బండి అతని మీదికే దూకుతుంది.

"పక్కకు రాప్పా. నువ్వు నాకు కనపడల్లా."

దగ్గుతూ అతను పక్క కిటికీ దగ్గరికి వచ్చేదాకా ఆమె క్లచ్ మీది కాలు తీయలేదు. తరువాత వదిలేసింది. బండి ఒక్కసారి ఎగిరిపడి, వణికి, ఇంజను ఆగిపోయింది.

ఫోను చేస్తే చంద్రిక భర్త కేశవ ఆటో తెచ్చి తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఇంజను చల్లారాక మాధవ క్లిప్పు వదులు చేసి టర్బో రబ్బరు పైపు లాగాడు. ఆయిలు అతని ముంజేతి మీదుగా కారింది. లోపలి చిన్న చక్రాన్ని వేలితో కదిపితే పైకీ కిందికీ లటలటా ఊగింది. దాని రెక్కల అంచులు గోడకు రాసుకుని చిట్లిపోయాయి. ఇరుసు అరిగి అక్కడి నుంచి కారిన ఆయిల్‌నే ఇంజను డీజిల్‌లా కాల్చుకుందని, అందుకే తాళానికి లొంగలేదని అతను చెప్పాడు. ఇంకాసేపు అలాగే తిరిగి ఉంటే ఇంజను పగిలిపోయేదన్నాడు.

"నేను దాని మీదనే వొంగి ఉంటి గదా వదినా," అన్నాడు. ముంజేతి మీది ఆయిలు తుడుచుకున్నాడు.

కారును లాగడానికి ఊళ్ళోంచి తెచ్చిన ట్రాక్టరుకు తాడు కట్టారు. మాధవ ట్రాక్టరు తోలాలి కాబట్టి స్టీరింగు దగ్గర చంద్రికే కూర్చోవాల్సి వచ్చింది. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకుంది. గేరులో ఉంటే చక్రాలతో పాటు ఇంజనూ తిరుగుతుందని మళ్ళీ చూసుకుంది. తాడు బిగిసి చక్రాలు కదిలాయి. మెకానిక్ షెడ్డు చేరేదాకా ఆమె గేరు రాడ్డు మీద చెయ్యి తీయలేదు, ముందు నుంచి ఏ చిన్న చప్పుడు వస్తుందోనని వింటూనే ఉంది.